ఆ దగ్గు నాది కాదు

నా చిన్నప్పుడు కొండాపూర్‌లో ఇళ్ల కంటే బండరాళ్లే ఎక్కువ. మాదాపూర్ వైపు ఒక గుండ్రటి అద్దాల భవనం కొత్తగా లేచింది. ఆదివారాలు దాన్ని చూడ్డానికే జనం స్కూటర్ల మీద పిల్లల్ని వేసుకుని వచ్చేవారు. మా నాన్న బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో లేత్ మెషీన్ మీద పనిచేసేవారు. ఆ ఉద్యోగం కోసమే తెనాలి వైపు నుంచి వచ్చి, ఒక డాబా ఇంటి పై పోర్షన్‌లో కిరాయికి ఉండేవాళ్లం. కింద ఇంటివాళ్లు ఉండేవారు. ఆ ఇంటి పెద్దావిడను మేమంతా పెద్దమ్మ అని పిలిచేవాళ్లం.

పెద్దమ్మకి ఒక మనవరాలు. దానికి ఏడేళ్లు, నాకు పదకొండు. దాన్ని అందరూ చిన్నది అనేవారు. వాళ్ల అమ్మానాన్నలు పొద్దున్నే పనికి వెళ్లిపోతే, ఆ పిల్ల పెద్దమ్మ దగ్గరా నా వెనకా తిరుగుతూ ఉండేది. నేను రెండు జడలు వేసుకుంటే దానికీ రెండు జడలు కావాలి. నేను కాకరకాయ వద్దంటే దానికీ వద్దు. నాకు ఎడమచేతి వాటం ఉందని, అది కూడా కొన్నాళ్లు ఎడమచేత్తో పలక మీద రాసి వాళ్ల టీచరు చేత చీవాట్లు తింది.

చిన్నదానికి ఉబ్బసం ఉండేది. పెద్దమ్మ దాన్ని దమ్ము అనేది. వాన మబ్బు పట్టినా, ఎక్కడైనా సున్నం వేసినా, దాని భుజాలు పైకి లేచేవి. దగ్గు తెరలు తెరలుగా వచ్చి, గొంతులోంచి సన్నటి ఈల లాంటి చప్పుడు వచ్చేది. డాక్టరు నీలం రంగు ఇన్‌హేలర్ ఇచ్చారు. మేము దాన్ని పంపు అనేవాళ్లం. పెద్దమ్మ పాత చీర ముక్కతో ఒక చిన్న సంచి కుట్టి, పంపు అందులో పెట్టి, తాడుతో దాని మెడలో వేసింది. స్నానానికి తప్ప ఆ సంచి తీయడానికి వీల్లేదు.

నాకు అందరినీ అనుకరించే అలవాటు ఉండేది. కూరగాయల బండి అతని అరుపు, మా హెడ్మాస్టరు గారి నడక, ఫోన్‌లో ఊరివాళ్లతో మాట్లాడేటప్పుడు మా అమ్మ గొంతు, అన్నీ చేసి చూపించేదాన్ని. చిన్నదాని దమ్మునూ చేసి చూపించాను. భుజాలు ఎత్తి, మెడ నరాలు బిగించి, ఆ దగ్గునూ ఈలనూ అచ్చం దానిలాగే తీసేదాన్ని. అది చూసి చిన్నదే పడీపడీ నవ్వేది. అది నవ్వుతోంది కాబట్టి అందులో తప్పేముందో నాకు తోచలేదు.

మా మావయ్య, అంటే అమ్మ తమ్ముడు, బాలానగర్‌లో ఒక పాత రేకుల షెడ్డులో స్టూడియో నడిపేవాడు. ఎక్కువగా పెళ్లి వీడియోలు తీసేవాడు. ఒకరోజు మా ఇంటికి వచ్చి, ఆయాసానికి సిరప్ తయారుచేసే ఆయన ఎవరో లోకల్ కేబుల్ టీవీకి ఒక ప్రకటన తీసిపెట్టమన్నాడని చెప్పాడు. "దగ్గే పిల్ల కావాలక్కా. ఇద్దర్ని చూశాను. దగ్గమంటే సిగ్గుపడుతున్నారు" అన్నాడు.

నేను వంటింటి గడపలో నిలబడి ఆ దగ్గు చేసి చూపించాను.

మావయ్య చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. "ఎక్కడ నేర్చుకున్నావే ఇది?"

"కింద చిన్నదాన్ని చూసి" అన్నాను.

అమ్మ కాస్త సందేహించింది. "దీనికి ఆయాసం లేదు కదరా. ఉందని చెప్తే బాగుంటుందా?" అంది. మావయ్య నవ్వేశాడు. "నటనే కదక్కా. సినిమాలో చచ్చిపోయినవాడు నిజంగా చస్తాడా?" అన్నాడు. ఆ మాటతో అమ్మ తేలికపడింది. మా మావయ్య చెడ్డవాడు కాదు. ఆ రోజు అతను అన్నది అతను మనసారా నమ్మినదే.

షూటింగు ఒక పూటలో అయిపోయింది. షెడ్డులో ఆకుపచ్చ ప్లాస్టిక్ పట్టా పరిచి, వెనక పూలమొక్కల బొమ్మ ఉన్న తెర కట్టారు. నా కళ్ల కింద నల్లటి రంగు రాశారు. నేను ఎప్పుడూ చూడని ఒకావిడ నాకు తల్లి అయింది. నేను మంచం మీద దమ్ముతో ఎగశ్వాస పడుతూ ఉంటే, ఆవిడ కళ్లు తుడుచుకుని, సిరప్ చెంచాతో నా నోట్లో పోయాలి. మొదటిసారి పోసిన సిరప్ భరించలేని చేదు. ఉమ్మేశాను. అప్పుడు చెంచాలో బెల్లం నీళ్లు పోశారు. తర్వాత కళ్ల కింద రంగు తుడిచేసి, గులాబీ రంగు గౌను తొడిగి, పట్టా మీద పరుగెత్తమన్నారు. చివర్లో నేను చేతిలోని పంపును చెత్తబుట్టలో పారేసి, "ఇక నాకు ఇది వద్దు" అనాలి.

ఆ పారేయడం మాత్రం నా సొంత ఆలోచన. వంగి బుట్టలో వేస్తే బాగాలేదని, నేనే వెనక్కి చూడకుండా భుజం మీదుగా విసిరాను. మావయ్యకు అది ఎంత నచ్చిందో చెప్పలేను. ఏడుసార్లు చేయించాడు. గౌను నాకే ఇచ్చేశారు.

ప్రకటన సాయంత్రం సీరియల్ మధ్యలో వచ్చేది. మొదటి రోజు వీధి మొత్తం పెద్దమ్మ ఇంట్లోనే చేరింది. నేను తెర మీద కనబడగానే పిల్లలు గోల చేశారు. చిన్నది నా ఒళ్లో కూర్చుని, "మా అక్క, మా అక్క" అని వచ్చినవాళ్లందరికీ చూపించింది. పెద్దమ్మ ఒకసారి టీవీ వైపు చూసింది, ఒకసారి నా వైపు చూసింది. ఏదో అడగబోయి ఆగిపోయినట్టు నాకు అనిపించింది. కానీ ఆ గోలలో నేను పట్టించుకోలేదు. ఆ తర్వాత రెండు వారాలు నేను నేల మీద నడవలేదంటే నమ్మండి. బడిలో పిల్లలు "ఇక నాకు ఇది వద్దు" అంటూ పెన్సిళ్లు, చాక్‌పీసు ముక్కలు భుజం మీదుగా విసిరేవారు. వాళ్లు నన్ను అనుకరిస్తుంటే, ఎవరో నాకు కిరీటం పెట్టినట్టు ఉండేది.

ఒక శనివారం ఒంటిపూట బడి. నేను అన్నం తిని మెట్ల మీద కూర్చుని పుస్తకానికి అట్ట వేసుకుంటున్నాను. కింద నుంచి ఆ ఈల వినబడింది. పక్కవీధిలో ఎవరో ఇంటికి సున్నం వేస్తున్నారు. నేను లేవలేదు. ఎప్పుడూ వినే చప్పుడే కదా, పంపు పీల్చుకుంటే తగ్గిపోతుంది అనుకున్నాను. కాసేపటికి ఆ చప్పుడు తగ్గలేదు సరికదా, సన్నబడిపోయింది. అప్పుడు పెద్దమ్మ అరుపు వినబడింది.

నేను కిందికి దిగేసరికి చిన్నది అరుగు మీద రెండు చేతులూ మోకాళ్లకు ఆనించి ముందుకు వంగి కూర్చుంది. దాని పెదాలు నేరేడుపండు తిన్నట్టు ఉన్నాయి. మెడలో సంచి ఉంది. సంచి చదునుగా, ఖాళీగా ఉంది.

"పంపేది బిడ్డా? యాడ పెట్టినవ్?" పెద్దమ్మ సంచిని పిండుతూ, దాని గౌను జేబులు తడుముతూ అడుగుతోంది. చిన్నదానికి మాట రావడం లేదు. అది తల ఎత్తి నన్ను చూసింది. ఒక చెయ్యి మోకాలి మీద నుంచి తీసి, మెల్లగా పైకి ఎత్తి, భుజం మీదుగా వెనక్కి విసిరినట్టు చేసింది. వెనక్కి చూడకుండా, నేను చేసినట్టే.

అరుగు వెనక రాళ్లు కొట్టగా మిగిలిన పెద్ద గుంట ఉండేది. వానాకాలం అందులో నీళ్లు నిండేవి. పంపు ఆ లోతులో ఎక్కడో పడింది, దిగి వెతికేంత సమయం లేదు.

పెద్దమ్మ నా చెయ్యి పట్టి గుంజి, "ఆటో పిలువు, ఉరుకు" అన్నాక గానీ నాకు స్పృహ రాలేదు. పరుగెత్తి మెయిన్ రోడ్డు మీద ఆటోను ఆపి తీసుకొచ్చాను. అమ్మ చిన్నదాని తల్లికి కబురు చెప్పడానికి వెళ్లింది. నేనూ పెద్దమ్మా దాన్ని దవాఖానకు తీసుకెళ్లాం.

అప్పటి రోడ్లు ఎలా ఉండేవో ఇప్పుడు అక్కడ ఉండేవాళ్లకు ఎంత చెప్పినా ఊహకు అందదు. ప్రతి గుంతకీ చిన్నదాని తల పెద్దమ్మ ఛాతీకి తగిలి ఎగిరిపడేది. దాని పాదాలు నా ఒళ్లో ఉన్నాయి. ఆ ఊపిరి చప్పుడు నాకు బాగా తెలుసనుకున్నాను. ఎన్నోసార్లు నా గొంతుతో తీశాను. దాన్ని కెమెరా ముందు అమ్మాను కూడా. కానీ ఆ చప్పుడు లోపల అంత భయం ఉంటుందని, ఆ పిల్ల ప్రతిసారీ ఇంకొక ఊపిరి వస్తుందో రాదో తెలియక గాలి కోసం అలా పెనుగులాడుతుందని, దాని పాదాలు నా అరచేతుల్లో వణుకుతుంటే మొదటిసారి తెలిసింది.

దవాఖానలో దాని ముఖానికి మాస్కు పెట్టి మందు పట్టారు. పెద్దమ్మ నేల మీద చతికిలబడింది. డాక్టరమ్మ బయటికి వచ్చి, "పంపు ఎందుకు వాడలేదు? ఇంకో పావుగంట ఆలస్యమైతే పిల్ల దక్కేది కాదు" అంది. పెద్దమ్మ నా వైపు చూడలేదు. "పడిపోయింది అమ్మా" అంది, అంతే. పడిపోలేదు, నన్ను చూసి పారేసింది అని చెప్పాల్సింది నేనే. చెప్పలేకపోయాను.

చిన్నది నాలుగో రోజు ఇంటికి వచ్చింది. ఈ లోపల అమ్మకు అంతా చెప్పేశాను. అమ్మ కబురు పెడితే మావయ్య పరుగున వచ్చాడు. విన్నాక అతని ముఖంలో నెత్తురు లేదు. సిరప్ ఆయన దగ్గరికి వెళ్లి ప్రకటన ఆపెయ్యమని అడిగాడు. ఆయన వినలేదు. కేబుల్ వాళ్లతో నెలకు మాట్లాడుకున్నాం, నెల అయ్యేదాకా వస్తుంది అన్నాడు. అంటే చిన్నది మంచం మీద పడుకుని ఉన్నా, నేను గులాబీ గౌనులో పరుగెత్తుతూ, పంపు పారేస్తూ, ప్రతి సాయంత్రం వాళ్ల ఇంట్లోకి వస్తూనే ఉన్నాను.

ఆదివారం సాయంత్రం పెద్దమ్మ నన్ను కిందికి పిలిచింది. తిడుతుందనుకున్నాను. కొడితే బాగుండుననీ అనుకున్నాను. ఆవిడ టీవీ ముందు చాప వేసి, "కూసో బిడ్డా" అంది. చిన్నది గోడకు ఆనుకుని, దుప్పటి కప్పుకుని కూర్చుంది. దాని మెడలో సంచి మళ్లీ బరువుగా వేలాడుతోంది. సీరియల్ మధ్యలో ప్రకటన రాగానే పెద్దమ్మ లేచి గుండీ తిప్పి చప్పుడు మొత్తం తగ్గించేసింది.

"ఇప్పుడు నువ్వు చెప్పు. ఆడ ఏమైతున్నదో గదే చెప్పు" అంది.

మొదటిసారి నేను చాప అంచు పీకుతూ కూర్చున్నాను. బొమ్మ వచ్చింది, వెళ్లింది. మళ్లీ సీరియల్, మళ్లీ ప్రకటన.

"గా గడ్డి?"

"గడ్డి కాదు పెద్దమ్మా. ప్లాస్టిక్ పట్టా."

"గా తల్లి ఏడుస్తున్నది. ఎవలామె?"

"నాకు తెలియదు. ఆ రోజే చూశాను. కళ్లలో ఏవో చుక్కలు వేసుకుంది."

"చెంచల మందు?"

"బెల్లం నీళ్లు" అన్నాను. అసలు సిరప్ నేను ఉమ్మేశానని కూడా చెప్పాను. చెప్పడం మొదలుపెట్టాక ఆగలేకపోయాను. కళ్ల కింద నలుపు రంగు అని, ఆ పరుగు నాలుగు అడుగులే అని, పంపు ఖాళీదని, దాన్ని ఏడుసార్లు విసిరానని, విసిరిన ప్రతిసారీ ఎవరో తెచ్చి మళ్లీ నా చేతికి ఇచ్చారని, అన్నీ చెప్పాను. చిన్నది కళ్లు పెద్దవి చేసుకుని తెర వైపూ నా వైపూ చూసింది.

మూడోసారి వచ్చినప్పుడు, నేను మంచం మీద భుజాలు ఎత్తి దగ్గుతున్న చోట పెద్దమ్మ తెర మీద వేలు పెట్టింది. "మరి గీ దగ్గు?"

నేను తల దించుకున్నాను.

"గది నీది కాదు బిడ్డా, నా మన్మరాలిది. నేను ఫస్టు రోజే గుర్తు పట్టిన." తెర మీది వేలు తీసి అంది, "గుర్తు పట్టి గూడ నమ్మిన. రోజు నా కండ్ల ముంగట తిరిగే పిల్లవి, నీకు దమ్ము ఎన్నడు లేదని నాకు తెల్వదా? అయినా, మీ ఊర్ల ఉన్నప్పుడు ఉండెనేమో, మందుతోని పోయిందేమో అనుకున్న. ఒకటో తారీఖు సీసా తెద్దామని గూడ అనుకున్న. తప్పు నీ ఒక్కదానిది కాదు."

ఆ మాట నన్ను ఓదార్చడానికే అన్నదేమో. నాకు మాత్రం ఇంకా దిగ్భ్రాంతి కలిగింది. నా ఆటపాటలన్నీ తెలిసిన మనిషి, తన కళ్లతో చూసిన నిజాన్ని పక్కన పెట్టి, టీవీలో నేను చెప్పిన అబద్ధానికి తానే ఒక కారణం వెతుక్కుంది. ఇక నన్ను ఎరగని ఇళ్లలో ఏం జరుగుతోందో ఎవరికి తెలుసు? ఆ ప్రకటన ఎన్ని ఇళ్లలో వస్తోందో, ఎన్ని ఇళ్లలో పంపు ఉందో, ఆ లెక్క నాకు ఇప్పటికీ తెలియదు.

తర్వాత ఇంకో ప్రకటన వచ్చింది. చప్పుడు లేదు. ఒక అబ్బాయి పాలలో ఏదో కలుపుకుని తాగి, బ్యాటుతో బంతిని ఆకాశంలోకి కొట్టాడు. "మరి వీనిది చెప్పు" అంది పెద్దమ్మ.

"నాకేం తెలుసు పెద్దమ్మా, నేను అక్కడ లేను కదా."

"నీకు తెల్వదు, నాకు తెల్వదు" అంది ఆవిడ. "గా పోరనికి తెలుసు."

నేను ఆ అబ్బాయి ముఖాన్ని అప్పుడు చూశాను. అంతకు ముందు వందసార్లు చూసి ఉంటాను. వాడు నవ్వుతున్నాడు. ఆ నవ్వు ఎన్నోసారి తీసిందో, గ్లాసులో ఏముందో, వాడు దాన్ని మింగాడో ఉమ్మేశాడో వాడికి తెలుసు. నాలాగే వాడూ ఎక్కడో ఒక ఇంట్లో కూర్చుని అన్నం తింటూ ఉంటాడు అనిపించింది.

అప్పుడు చిన్నది పెద్దమ్మ కొంగు లాగి అడిగింది. "నానమ్మా, అక్క ఇప్పుడు చెప్పింది నిజమేనా?"

పెద్దమ్మ దాని దుప్పటి సర్ది, "అక్కనే అడుగు" అంది.

చిన్నది నా వైపు తిరిగింది. నేను రెండు జడలు వేసుకుంటే తనకూ రెండు జడలు కావాలన్న పిల్ల, ఎడమచేత్తో రాసిన పిల్ల, నా ముఖంలోకి అలా అనుమానంగా చూడటం నేను ఎప్పుడూ ఎరగను. "నిజమే" అన్నాను. ఆ మాట నా చెవులకూ వినబడింది. టీవీలో "ఇక నాకు ఇది వద్దు" అన్న గొంతుకీ ఈ గొంతుకీ తేడా ఏమీ లేదు. అదే స్పష్టత, అదే తీపి. ఆ పిల్ల నమ్మాలంటే నా మాటలో ఏ గుర్తు ఉంది? చిన్నది కాసేపు చూసి, చెయ్యి ఛాతీ మీదికి పోనిచ్చి, సంచిలో పంపు ఉందో లేదో తడుముకుంది. మళ్లీ నాతో మామూలుగా ఆడుకోవడానికి దానికి ఆ వేసవి అంతా పట్టింది. నేను దాని దగ్గును మళ్లీ ఎప్పుడూ తీయలేదు. అసలు ఎవరినీ అనుకరించడమే మానేశాను. అమ్మ నాకు జ్వరం ఏమైనా వచ్చిందేమో అనుకుంది.

నేనిప్పుడు నలభైకి దగ్గరపడ్డాను. తెల్లాపూర్‌లో పెద్ద గేటు ఉన్న కమ్యూనిటీలో ఉంటున్నాం. నాకు తొమ్మిదేళ్ల కూతురు ఉంది. మొన్నీమధ్య మా బ్లాకులో ఉండే ఒకావిడ, పిల్లల జ్ఞాపకశక్తికి పాలలో కలిపే పొడి అమ్ముతున్నానని, మా అమ్మాయితో ఫోన్‌లో చిన్న వీడియో తీస్తానని అడిగింది. "పది సెకన్లే అండి, పాప భలే మాట్లాడుతుంది" అంది. మా అమ్మాయి ఎగిరి గంతేసింది. ఏం చెప్పాలట అని మా అమ్మాయిని అడిగాను. "ఇది తాగాక నాకు మ్యాథ్స్ బాగా వస్తోంది అని" చెప్పింది. వస్తోందా అని అడిగాను. "ఇంకా తాగలేదు కదమ్మా" అంది, ఇందులో అడగడానికేముంది అన్నట్టు. నేను వద్దన్నాను. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు దాన్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. ఆటో దగ్గరికి వచ్చేసరికి అది నా చెయ్యి పట్టుకుంది. పూర్తిగా అర్థమైందో లేదో తెలియదు. నాకు అర్థం కావడానికి ఒక పిల్ల ఊపిరి ఆగినంత పనైంది. అంత మూల్యం నా కూతురు చెల్లించనక్కర్లేకుండా నేర్చుకుంటే చాలు.

చిన్నది ఇప్పుడు గచ్చిబౌలిలో ఒక ఆఫీసులో ఉద్యోగం చేస్తోంది. దాని హ్యాండ్‌బ్యాగులో పంపు ఎప్పుడూ ఉంటుంది. ఒకసారి ధైర్యం చేసి ఆ రోజు గురించి ఎత్తితే, "నాకేం యాదికి లేదక్కా, జ్వరం వచ్చి దవాఖానకు పోయినమేమో అనుకున్న" అని నవ్వేసింది. దానికి గుర్తులేకపోవడం నాకు ఊరట కాలేదు. గుర్తుంచుకోవాల్సింది నేనే కాబట్టి.

ఆ రోజు నుంచి నాతో మిగిలిపోయింది ఒక సంకోచం. ఆఫీసులో ఎవరైనా ఫలానా మందు మంచిదా, ఫలానా బడి మంచిదా అని అడిగితే నేను వెంటనే చెప్పలేను. నేను వాడానా, నాకు నిజంగా తెలుసా, లేక ఎవరో అన్నది అంటున్నానా అని ఆగి చూసుకుంటాను. అందరూ దాన్ని నాన్చడం అంటారు. మా ఆయన విసుక్కుంటారు కూడా. నా భయం వాళ్లకు ఎలా చెప్పాలో తెలియదు. నేను తేలిగ్గా అన్న ఒక మాటను పట్టుకుని, నన్ను ఇష్టపడేవాళ్లెవరో, నాకు కనబడని చోట, తమకు ప్రాణాధారమైనదాన్ని నవ్వుతూ పారేసుకుంటారేమోనని.